కణానికి దీపం కట్టిన వైద్యుడు

కిందటేడు సంక్రాంతికి ఇంటికెళితే, వరసకి మామయ్య అయ్యే ఒకాయన నన్ను గడ్డివామి వెనక్కి పిలిచి, మడతపెట్టిన కాగితం చేతిలో పెట్టాడు. రక్తపరీక్ష రిపోర్టు. సి.డి.4 కణాలు 212 అని ఉంది. ఈ అంకె పెరగాలా, తగ్గాలా అని మెల్లగా అడిగాడు. పెరగాలి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి 500 పైనే ఉంటుందని చెప్పాను. కంటికి కనపడని కణాల్ని ఎలా లెక్కపెడతారని అడిగేసరికి, బి.ఎస్సీ. చదువుతున్న నాకు నోరు పెగల్లేదు. ఆ సిగ్గే నన్ను లైబ్రరీకి తరిమింది. అక్కడ పరిచయమైన మహానుభావుడే డాక్టర్ ఆల్బర్ట్ కూన్స్.

ఆయన 1912లో అమెరికాలోని గ్లోవర్స్‌విల్‌లో పుట్టాడు. చేతి తొడుగులు కుట్టే పరిశ్రమ వల్ల ఆ ఊరికా పేరు. 1937లో హార్వర్డ్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు. 1939 వేసవిలో బెర్లిన్ వెళ్ళినప్పుడు ఆయన్ని ఒక ప్రశ్న పట్టుకుంది. రుమాటిక్ జ్వరం వచ్చినవాళ్ళ గుండెలో చిన్న బొడిపెలుంటాయి. గొంతులో చేరిన స్ట్రెప్టోకోకస్ తాలూకు పదార్థం ఆ బొడిపెల్లో ఉందా? ఉంటే చూసేదెట్లా? యాంటీబాడీ తనకు సరిపడిన పదార్థాన్నే వెతికి పట్టుకుంటుంది. దానికి వెలిగే రంగు కడితే, ఎక్కడ పట్టుకుందో అదే చూపిస్తుంది కదా అనుకున్నాడు.

హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్తల సాయంతో ముందు ఆంథ్రసీన్ జాతి పదార్థాన్ని తగిలించాడు. న్యుమోకోకస్ క్రిములు అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిశాయి. 1941లో ఆ సంగతి అచ్చయింది. తీరా చూస్తే కణజాలం కూడా తనంతట తనే నీలంగా మెరుస్తుంది! ఇక దేన్ని పోల్చుకోవాలి?

రైతుబిడ్డలకి ఈ చిక్కు కొత్తకాదు. లేత ఊదగడ్డీ వరి మొక్కా ఒకటే పచ్చన. ఊద అనుకుని వరి పీకి మా అమ్మచేత నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. కూన్స్ నిరాశపడలేదు, రంగు మార్చాడు. ఫ్లోరెసీన్ పసుపు కలిసిన ఆకుపచ్చగా వెలుగుతుంది, కణజాలంలో ఆ వెలుగు అరుదు. 1942లో పని నెగ్గింది. అంతలో యుద్ధం వచ్చి సైన్యంలోకి వెళ్ళాడు. తిరిగొచ్చి పద్ధతిని మెరుగుపరచి 1950లో ప్రకటించాడు. 1959లో లాస్కర్ బహుమతి వచ్చింది. 1978లో కన్నుమూశాడు.

ఆయన వేసిన బాటలో మిగతావాళ్ళు నడిచారు. సూక్ష్మదర్శినిలో టి, బి లింఫోసైట్లు ఒకేలా ఉంటాయి. 1969 నాటికి స్టాన్‌ఫర్డ్‌లో హెర్జెన్‌బర్గ్ బృందం వెలిగే కణాల్ని వేరుచేసే యంత్రం తయారుచేసింది. 1975లో కోలర్, మిల్‌స్టీన్‌లు ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి కనిపెట్టారు. ఇప్పుడు ఫ్లో సైటోమీటర్‌లో కణాలు సన్నటి ధారలో ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందునుంచి పోతాయి. సి.డి.3 యాంటీబాడీ రంగు వెలిగితే టి కణం. దానిమీద సి.డి.4 రంగు కూడా వెలిగితే మామయ్య కాగితంలో లెక్కకొచ్చే కణం. సెకనుకి వేల కణాలు! ఎయిడ్స్ సంగతి మొదటిసారి బయటపడింది 1981లో. తన దీపం అంతమందికి దారి చూపుతుందని కూన్స్‌కి తెలిసే అవకాశమే లేకపోయింది.

దసరాకి వెళ్ళినప్పుడు ఇదంతా మామయ్యకి చెప్పాను. అయితే మన చేలో ఊద ఏరడం లాంటిదేనన్నమాట అని నవ్వాడు. మందులు మానకుండా వాడుతున్నాడు. కొత్త కాగితంలో 340 ఉంది. ఈసారి గడ్డివామి వెనక్కి పిలవలేదు, అరుగు మీదే చూపించాడు.