రాణమ్మకు ఒక బంటు పెట్టిన రాయి

మా జనగామ చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో గుడి వెనకాలో, చెరువు కట్ట మీదో కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాయి కనిపిస్తుంది. వీరగల్లు అంటారు దాన్ని. యుద్ధంలో ప్రాణం విడిచినవాణ్ణి మర్చిపోకూడదని నిలబెట్టిన రాయి. ఆ రాళ్ల మీద నేను చూసినవన్నీ మగవాళ్ల బొమ్మలే. మరి ఒక ఆడది కత్తి పట్టి రణంలో ఒరిగిపోతే ఆమెను ఎవరు తలచుకున్నారు? రుద్రమదేవి సంగతి చూస్తే జవాబు దొరికింది నాకు.

రుద్రమ కథ మనందరికీ చిన్నప్పటి పాఠమే. ఓరుగల్లునేలిన గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతుర్ని కొడుకులా పెంచాడు. ఆమె పేరు శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని కూడా ఉంటుంది. ఆ ఇంటి ఆడవాళ్లు మొదటినుంచీ గట్టివాళ్లే. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం పెద్ద చెరువు తవ్వించింది రుద్రమ మేనత్త మైలాంబ. అక్కడి శాసనం వల్లే కాకతీయుల వంశక్రమం మనకు చాలావరకు తెలిసింది. భూపాలపల్లి దగ్గర గణపురంలో ఉన్న కోటగుళ్లు కూడా ఆమె తండ్రి కాలం నాటివే.

1262 ప్రాంతంలో రాజ్యభారమంతా రుద్రమ మీద పడింది. ఆడదాని కింద మేమెందుకుండాలని కొందరు సామంతులు ఎదురు తిరిగారు. ఆడదే కదా అనుకుని దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. అందరికీ ఆమె జవాబు చెప్పింది. ఓరుగల్లు రాతికోటను ఇంకా ఎత్తు పెంచి బలపరిచింది. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో కూడా ఆమె న్యాయబుద్ధిని మెచ్చుకున్నాడు. కాకపోతే ఆమెను రాజుగారి భార్య అనుకున్నాడు పాపం!

ఇంట్లోనూ కష్టమే. భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. పుట్టినవాళ్లు ముగ్గురూ ఆడపిల్లలే. పెద్ద కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని వారసుణ్ణి చేసింది.

చివరి రోజుల్లో కాయస్థ అంబదేవుడు తిరగబడ్డాడు. అతని అన్నలు కాకతీయులకు నమ్మకంగా ఉన్నవాళ్లే. అప్పటికి రుద్రమకు మనవడు ఎదిగిన వయసు. వేరెవరినో పంపి తాను కోటలో కూర్చోవచ్చు. అయినా సేనాని మల్లికార్జున నాయకుడితో కలిసి తానే కదిలింది. ఇద్దరూ తిరిగి రాలేదని, అంబదేవుడితో జరిగిన పోరులోనే ఒరిగారని చరిత్రకారులు భావిస్తున్నారు.

ఆ కబురు మనదాకా తెచ్చింది ఏ ఆస్థాన కవో కాదు. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక రాతి శాసనం ఉంది. తేదీ 1289 నవంబర్ 27. వేయించినవాడు పువ్వుల ముమ్మడి అనే బంటు, మల్లికార్జున నాయకుడి కొలువులో ఉన్నవాడు. రుద్రమదేవి శివలోకానికి వెళ్లిందని చెప్పి, ఆమెకూ తన నాయకుడికీ పుణ్యం కలగాలని ఊరి సోమనాథ దేవుడికి భూమి రాసిచ్చాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రాయి వెలుగు చూసేదాకా పాత పుస్తకాల్లో ఆమె 1295–96 దాకా ఏలిందనే రాశారు. అంటే పోరులో పోయిన మనిషిని ఇంకో ఆరేడేళ్లు సింహాసనం మీదే కూర్చోబెట్టామన్నమాట! ఆ ముమ్మడి రాయి పెట్టకపోయుంటే ఆమె చివరి త్యాగం మనకు తెలిసేదే కాదు.

నేను ఆ రాయి ముందు నిలబడ్డప్పుడు అక్షరాలు చదవరాలేదు. కానీ కళ్లు చెమర్చాయి. రాణి పేరూ, సేనాని పేరూ ఒకే రాతి మీద కలిపి రాయించాడు ఆ బంటు. వాళ్లు పోయారన్న దుఃఖంలో కూడా పేర్లూ తేదీ రాయించడం మరవలేదు.

మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచి కూడా పిల్లలు మిలిటరీకి పోతున్నారు. ఎవరింటి బిడ్డయినా సరిహద్దులో ఒరిగితే ఆ రోజు ఊరంతా కదిలి వస్తుంది. ఏడాది తిరిగాక ఆ తల్లి గుమ్మం తొక్కేవాళ్లు ఎందరు? మనం చేయగలిగింది చిన్నదే. ఆ తేదీన వెళ్లి ఆమె పక్కన కాసేపు కూర్చుందాం. ఆ పేరు బడిలో పిల్లలకు చెప్పిద్దాం. అలాగే మీ ఊళ్లో కత్తి బొమ్మ ఉన్న రాయి కనిపిస్తే సున్నం పూయనివ్వకండి, బట్టలుతికే బండ చేయనివ్వకండి. దాని కింద ఎవరి కథ ఉందో!