టికెట్ అడిగిన అమ్మాయి – దుర్గాబాయి దేశ్‌ముఖ్

హైదరాబాదులో విద్యానగర్ వైపు తిరిగినవాళ్ళకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంటే ముందుగా ఒక ఆసుపత్రి పేరు. ఢిల్లీలో చదివినవాళ్ళకి సౌత్ క్యాంపస్ దగ్గర మెట్రో స్టేషన్ పేరు. ఇంటిపేరు చూసి ఆవిడ మరాఠీ ఆవిడ అనుకునేవాళ్ళూ మనలో ఉన్నారు. నిజానికి ఆవిడ 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగిన అచ్చమైన గోదావరి జిల్లా అమ్మాయి.

మనలో చాలామందికి ఆవిడ గురించి తెలిసిన కథ ఒకటే. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టికెట్ లేనివాళ్ళని లోపలికి పంపొద్దని చెప్పి ఈ పద్నాలుగేళ్ళ అమ్మాయిని గుమ్మం దగ్గర నిలబెట్టారు. టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూని ఆ అమ్మాయి ఆపేసింది. నిర్వాహకులు కంగారు పడి టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. నెహ్రూ కోప్పడకపోగా మెచ్చుకున్నారట.

నాకు మాత్రం అంతకు రెండేళ్ళ ముందు జరిగిన సంగతి ఎక్కువ ఇష్టం. 1921 ఏప్రిల్‌లో గాంధీ గారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊళ్ళోని దేవదాసీలూ, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన్ని కలిసి మాట వినాలని దుర్గాబాయి పట్టుదల. పెద్దవాళ్ళు వదిలించుకోవడానికన్నట్టు, అయిదు వేల రూపాయలు విరాళం తెస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ రోజుల్లో అయిదు వేలంటే మాటలా! దేవదాసీలే ఆ డబ్బు పోగుచేశారు. సభకి చోటు కూడా ఆ పిల్లే వెతుక్కుంది. అయిదు నిమిషాలనుకున్న సభ అరగంట దాటింది. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చేశారు. గాంధీ గారి హిందీని తెలుగులోకి చెప్పింది కూడా పన్నెండేళ్ళు నిండని ఆ అమ్మాయే. ఆమె అనువాదం నచ్చి, తర్వాత జరిగిన పెద్ద సభకీ ఆయన ఆమెనే వెంటబెట్టుకు వెళ్ళారు.

సంఘం చిన్నచూపు చూసే ఆడవాళ్ళ పక్కన నిలబడమని ఆ వయసు పిల్లకి ఎవరూ పాఠం చెప్పలేదు. మనం పిల్లలకి దయ గురించి కథలు చెబుతాం, వారాంతపు బడిలో నీతి పద్యాలు వల్లెవేయిస్తాం. అవి తప్పని అనను, మా ఇంట్లోనూ అదే జరుగుతోంది. కానీ దుర్గాబాయి జీవితమంతా పిల్లల చేతిలో, ఆడవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెడుతూనే వచ్చారు. చిన్నతనంలోనే కాకినాడలో ఆడపిల్లల కోసం హిందీ పాఠశాల పెట్టారు. అక్కడ వాళ్ళమ్మ గారు కూడా కూతురి దగ్గర పాఠం నేర్చుకున్నారు!

ఉప్పు సత్యాగ్రహంతో 1930లో జైలు జీవితం మొదలైంది. 1933లోపు మూడుసార్లు అరెస్టయ్యారు. మదురై జైలులో ఒంటరి కొట్టులో ఉంచడంతో ఆరోగ్యం బాగా దెబ్బతింది. వెల్లూరు జైలులో చూసింది ఆవిడ దారినే మార్చేసింది. తమమీద ఉన్న కేసేమిటో, తాము దేనిమీద వేలిముద్ర వేశారో కూడా తెలియని పేద ఆడవాళ్ళు అక్కడ శిక్ష అనుభవిస్తున్నారు. లాయర్‌ని కావాలని ఆవిడ అక్కడే అనుకున్నారు. చిన్నప్పుడు ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసిన మనిషి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టి, బెనారస్ నుంచి మెట్రిక్ పాసై, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ అమ్మాయిలకి హాస్టల్ లేదంటే, చదవాలనుకునే మరికొందరిని పోగుచేసి తనే హాస్టల్ మొదలెట్టించారు. తర్వాత మద్రాసులో లా పూర్తిచేశారు.

మద్రాసులోనే 1937లో ఇరుగుపొరుగు పిల్లల కోసం ఒక చిన్న క్లబ్బు మొదలైంది. పేరు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్. బులుసు సాంబమూర్తి గారి ప్రోత్సాహంతో అదే ఆంధ్ర మహిళా సభ అయింది. పిల్లల్ని తీసుకొచ్చే తల్లుల్లో చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. తర్వాత కుట్టుపని, చేతిపనులు, ఆ తర్వాత నర్సింగ్ హోమ్, నర్సులకి శిక్షణ. ఒకదాని వెనక ఒకటి అలా వచ్చాయి. ఈ వరస కాకతాళీయం కాదని నా అభిప్రాయం. అప్పట్లో పల్లెల్లో పురుళ్ళు ఇంట్లోనే, మంత్రసాని చేతిమీద. అలాంటి ఇంట్లో బాలింతకి పాలు తాగు, ఆకుకూరలు తిను, శుభ్రంగా ఉండు అని చెప్పి వచ్చేస్తే సరిపోదు. పాలు కొనడానికి ఆవిడ చేతిలో డబ్బుండాలి, మందు సీసామీద రాసింది చదవగలగాలి, పిలిస్తే పలికే దూరంలో తర్ఫీదు పొందిన మనిషి ఉండాలి. మహిళల ఆరోగ్య సూత్రాలంటూ మనం ఒకరికొకరం ఫార్వర్డ్ చేసుకునేవాటిలో ఈ మూడూ ఎక్కడా కనిపించవు.

రాజ్యాంగ సభలో సభ్యురాలిగా, తర్వాత ప్రణాళికా సంఘంలో పనిచేసి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. మహిళా సభలో చేసినదాన్నే దేశమంతటికీ విస్తరించారని చెప్పుకోవచ్చు. గ్రామ కేంద్రాల్లో పిల్లలకి బాలవాడి, గర్భిణులకీ బాలింతలకీ వైద్య సాయం, ఆడవాళ్ళకి చేతిపనులు, వయోజన విద్య ఏర్పాటు చేశారు. పల్లెల్లో పనిచేయడానికి చదువుకున్న ఆడవాళ్ళు దొరకకపోతే, 1958లో బడి మానేసిన స్త్రీలకోసం సంక్షిప్త కోర్సులు పెట్టించారు. పదేళ్ళ చదువుని రెండేళ్ళలో పట్టాలెక్కించే ఆ కోర్సులు చదివి ఎందరో నర్సులూ, టీచర్లూ, గ్రామసేవికలూ అయ్యారు. ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే, మనుషులు లేరని ప్రాజెక్టు ఆపలేదు, మనుషుల్నే తయారుచేశారు.

1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో ఆవిడ పెళ్ళి జరిగింది. ఎక్కడో ఆర్భాటంగా కాదు, రిజిస్టర్ పెళ్ళి. సాక్షి సంతకం చేసినవాళ్ళలో నెహ్రూ ఒకరు. ఈసారి ఆయన్ని టికెట్ అడిగినట్టు లేరు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు.

ఒక సంగతి చెప్పకుండా వదిలేశాను. దుర్గాబాయికి ఎనిమిదో ఏటే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక, తన దారి వేరని ఆ భర్తకి నచ్చజెప్పి, మరో పెళ్ళి చేసుకోమని చెప్పి విడిపోయారు. ఆయన మరో పెళ్ళి చేసుకున్నారు. కొన్నేళ్ళకి ఆయన పోయారు. ఒంటరిదైపోయిన ఆ రెండో భార్యని దుర్గాబాయి దగ్గరికి తీసుకుని, పని నేర్పించి, తన కాళ్ళమీద తను నిలబడేలా చేశారు.