వంకర కాళ్లతో బొటాఫోగోను నిలబెట్టిన గారించా

బ్రెజిల్‌లోని రియో డి జనీరో నగరానికి చెందిన బొటాఫోగో ఫుట్‌బాల్ క్లబ్బు 2024 నవంబరు 30న తొలిసారి కోపా లిబెర్టాడోరెస్ కప్పును గెలుచుకుంది. బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన ఫైనల్లో అట్లెటికో మినేరోను 3-1 తేడాతో ఓడించి దక్షిణ అమెరికా క్లబ్బుల విజేతగా నిలిచింది. అదే ఏడాది జాతీయ లీగ్ టైటిల్‌నూ దక్కించుకుంది. అయినా ఈ క్లబ్బు పేరు చెప్పగానే ప్రపంచం గుర్తుచేసుకునేది అంతకు ఆరు దశాబ్దాల ముందు 7వ నంబరు చొక్కాతో కుడి అంచున ఆడిన గారించానే. క్లబ్బుకు స్వర్ణయుగాన్ని తెచ్చిపెట్టిన ఆ ఆటగాడు దారిద్ర్యంలో, మద్యవ్యసనంతో 49 ఏళ్లకే కన్నుమూశారు.

గారించా అసలు పేరు మనోయెల్ ఫ్రాన్సిస్కో దోస్ శాంతోస్. 1933 అక్టోబరులో రియో సమీపంలోని పౌ గ్రాండె అనే చిన్న ఊళ్లో జన్మించారు. బట్టల మిల్లు చుట్టూ పెరిగిన ఊరది. గారించా అంటే ఆ ప్రాంతంలో కనిపించే ఒక చిన్న పిట్ట. ఇంట్లో పెట్టిన ఆ ముద్దుపేరే లోకానికి తెలిసిన పేరైంది. పుట్టుకతోనే రెండు కాళ్లూ ఒకే దిక్కుకు వంగి ఉండేవి. ఒక కాలు మరోదాని కంటే పొట్టి. పద్నాలుగేళ్ల వయసులో మిల్లులో కార్మికుడిగా చేరారు. పనిలో శ్రద్ధ అంతంతమాత్రమే అయినా మిల్లు జట్టుకు ఆయన అవసరం ఉండటంతో ఉద్యోగం నిలిచింది.

ఆ కాళ్లను చూసి రియోలోని కొన్ని పెద్ద క్లబ్బులు ఆయన్ను పట్టించుకోలేదు. 1953లో బొటాఫోగో మాత్రం పరీక్షించి చూసింది. ఆ రోజు ఆయనకు ఎదురుగా నిలిచింది జాతీయ జట్టు డిఫెండర్ నిల్టన్ శాంతోస్. కొత్త కుర్రాడు తనను సులువుగా దాటిపోవడం చూసిన నిల్టన్, అతణ్ని వెంటనే జట్టులోకి తీసుకోవాలని క్లబ్బు పెద్దలకు సూచించారు. వారిద్దరి స్నేహం జీవితాంతం కొనసాగింది.

బొటాఫోగో 1948 తర్వాత రియో లీగ్ టైటిల్ ఎరుగదు. 1957 ఫైనల్లో ఫ్లుమినెన్సెను 6-2తో చిత్తుచేసి ఆ లోటు తీర్చుకుంది. 1961, 1962లలోనూ అదే టైటిల్ గెలిచింది. 1962 ఫైనల్లో ఫ్లామెంగోపై సాధించిన 3-0 విజయం చాలావరకు గారించా చేతిమీదుగా, కాదు, కాలిమీదుగా నడిచిందే. ఆయన ఎత్తుగడ డిఫెండర్లందరికీ తెలుసు: ఎడమకు వంగి కుడికి దూసుకుపోవడం. తెలిసినా ఆపగలిగినవారు అరుదు. క్లబ్బు తరఫున ఆరు వందలకు పైగా మ్యాచులాడి 240కి పైగా గోల్స్ చేశారు.

1958 ప్రపంచకప్‌కు ముందు జరిపిన మానసిక పరీక్షల్లో గారించా పెద్ద మ్యాచులకు పనికిరారని తేలింది. తొలి రెండు మ్యాచుల్లో ఆయనకు చోటు దక్కలేదు. సోవియట్ యూనియన్‌తో మూడో మ్యాచులో పెలేతో కలిసి బరిలోకి దిగారు. ఆ టోర్నీలో బ్రెజిల్ తొలిసారి ప్రపంచ విజేత అయింది. 1962లో చిలీలో పెలే రెండో మ్యాచులోనే గాయపడటంతో భారమంతా గారించాపై పడింది. క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లాండ్‌పై రెండు, సెమీ ఫైనల్లో చిలీపై రెండు గోల్స్ చేశారు. సెమీస్‌లో రిఫరీ మైదానం నుంచి పంపేసినా, ఫైనల్ ఆడేందుకు అనుమతి లభించింది. ఆ ఫైనల్లో ఆడిన బ్రెజిల్ జట్టులో ఐదుగురు బొటాఫోగో ఆటగాళ్లే: గారించా, నిల్టన్ శాంతోస్, డిడి, జగాలో, అమరిల్డో. పెలే, గారించా కలిసి ఆడిన ఏ మ్యాచులోనూ బ్రెజిల్ ఓడలేదు.

ఈ కీర్తి ఆయన ఇంటికి సంపదను తేలేదు. అంకెలు నింపని ఒప్పందాలపై సంతకాలు చేసేవారు. ఎంతివ్వాలో క్లబ్బే నిర్ణయించేది. విదేశీ పర్యటనల్లో ఆయన పేరుతోనే బొటాఫోగోకు రాబడి వచ్చేది. గారించా లేకుంటే ఆ రాబడి తగ్గుతుంది కనుక, అరిగిపోయిన మోకాలికి ఇంజెక్షన్లు ఇచ్చి ఆడించారు. 1963లో ఎక్కువ వేతనం కోరినప్పుడు క్లబ్బుతో వివాదం తలెత్తింది. 1964లో శస్త్రచికిత్స జరిగే నాటికే ఆలస్యమైంది. 1966లో బొటాఫోగో ఆయన్ను కొరింథియన్స్‌కు అమ్మేసింది. ఆ ఏడాది ప్రపంచకప్‌లో హంగరీ చేతిలో 3-1 ఓటమి జాతీయ జట్టులో ఆయన చవిచూసిన ఏకైక పరాజయం. ఆయన చివరి మ్యాచూ అదే.

తప్పంతా క్లబ్బుదే అనడానికి లేదు. భార్య నైర్‌ను, ఎనిమిది మంది కుమార్తెలను వదిలి గాయని ఎల్జా సోవారెస్‌తో జీవితం పంచుకున్నారు. 1969లో ఆయన నడిపిన కారు ప్రమాదానికి గురై ఎల్జా తల్లి మరణించారు. మద్యం మత్తులో ఎల్జాపై చేయి చేసుకోవడంతో ఆమె కూడా దూరమయ్యారు. 1973 డిసెంబరులో మరకానా స్టేడియంలో జరిగిన వీడ్కోలు మ్యాచుకు లక్షమందికి పైగా తరలివచ్చారు. 1980 కార్నివాల్ ఊరేగింపులో రథంపై ఆయన శూన్యంగా చూస్తూ కూర్చున్న తీరు జనాన్ని కలచివేసింది.

1983 జనవరి 20న గారించా తుదిశ్వాస విడిచారు. మరకానాలో ఉంచిన పార్థివదేహాన్ని వేలాదిమంది దర్శించుకున్నారు. ప్రజల ఆనందం అన్న బిరుదుతో పిలిచిన మనిషిని ప్రజలు కన్నీళ్లతో సాగనంపారు. రాజధాని బ్రసీలియాలోని స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. బొటాఫోగో తన మైదానం వద్ద విగ్రహం నిలిపింది.

ఏ క్లబ్బైనా తన చరిత్రను గెలిచిన కప్పులతో లెక్కిస్తుంది. ఆ కప్పులను తెచ్చిన మోకాళ్లకు ఎంత చెల్లించిందన్నది ఆ లెక్కలోకి రాదు. బొటాఫోగో ఘనచరిత్రలో ఆ రెండో పద్దు పేరు గారించా.