విల్లిస్ కారియరు జీవితము

విల్లిస్ కారియరు 1876వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు అంగోలా గ్రామమున జన్మించెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున 1901లో పట్టమునొంది, యొక యంత్రనిర్మాణశాలలో నుద్యోగియయ్యెను. అప్పుడు బ్రూక్లినులోని యొక ముద్రణాలయమున గాలితేమచే కాగితములు సాగుచు ముడుఁగుచు నుండుటవలన రంగులు సరిగా కుదురకుండెను. 1902లో నితఁడు చల్లని గొట్టములమీఁదుగా గాలిని నడపించి, తేమను నీటిబొట్లుగా దింపు నుపాయము కల్పించెను. 1906లో తన వాయుశోధన యంత్రమునకు హక్కుపత్రము బడసి, 1950లో మరణించెను.

నేఁడు ఏ.సీ. యంత్రములనుండి కారు నీరు ఆ గాలితేమయే. అందు లవణములు మిక్కిలి తక్కువ. అయినను ధూళియు, క్రిములును, లోహపు కణములును చేరును గనుక త్రాగరాదు, వంటకును వాడరాదు. పూలమొక్కలకును నేల కడుగుటకును తగును.

బాలబాలికలారా! వేసవిలో బిందెడు నీటి విలువ పెనుగొలనువారికి వేఱుగఁ జెప్పనక్కఱలేదు. ఆ గొట్టముక్రింద నొక బకెట్టు నుంచుఁడు. మూఁతవేసి, నిలువయుంచక నాఁటి నీటిని నాఁడే వాడుఁడు.