అల్ఫోన్సో కాసో

అల్ఫోన్సో కాసో ఇ ఆంద్రాదె (ఫిబ్రవరి 1, 1896 - నవంబరు 30, 1970) మెక్సికో దేశానికి చెందిన సుప్రసిద్ధ పురావస్తు శాస్త్రవేత్త. దక్షిణ మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో ప్రాచీన జపోటెక్ జాతివారి రాజధాని అయిన మోంటె అల్బాన్‌లో దీర్ఘకాలం త్రవ్వకాలు జరిపాడు. అక్కడి శిలాఫలకాలపై గల గుర్తులు వట్టి అలంకారాలు కావని, తేదీలను, పేర్లను తెలిపే లిపి అని చూపాడు. స్పానిష్‌వారు రాకముందే ఆ ప్రాంతపు ప్రజలు తమ చరిత్రను తామే వ్రాసి ఉంచుకొన్నారని పండితలోకం అంగీకరించడానికి ఈయన కృషి ఎంతో తోడ్పడింది.

బాల్యము, విద్యాభ్యాసము

కాసో మెక్సికో నగరంలో జన్మించాడు. తత్త్వవేత్తగా పేరుపొందిన ఆంటోనియో కాసో ఈయనకు అన్న. విద్యార్థి దశలో, 1916లో, ఆరుగురు మిత్రులతో కలిసి ఉపన్యాసాలు, సంగీత కచేరీలు నిర్వహించే సంఘాన్ని స్థాపించాడు. ఈ మిత్రబృందం "ఏడుగురు జ్ఞానులు" అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. వారిలో ఒకడైన విసెంటె లొంబార్డో తొలెదానో సోదరి, రచయిత్రి అయిన మరియా లొంబార్డోను కాసో వివాహమాడాడు. 1919లో న్యాయశాస్త్రంలో పట్టభద్రుడై అధ్యాపకునిగా పనిచేశాడు. షోచికాల్కో శిథిలాలను దర్శించిన తరువాత ఈయన మనసు పురావస్తు శాస్త్రం వైపు మళ్ళింది. జర్మన్ పండితుడు హెర్మన్ బేయర్ వద్ద శిష్యరికం చేశాడు.

శిలాఫలకాల అధ్యయనము

మోంటె అల్బాన్ వహాకా లోయ నడుమ, సుమారు 400 మీటర్ల ఎత్తున గల కొండపై ఉన్నది. క్రీ.పూ. 500 ప్రాంతంలో వెలసిన ఈ నగరం వెయ్యి సంవత్సరాలకు పైగా వర్ధిల్లింది. కొండ శిఖరాన్ని చదును చేసి, విశాలమైన ప్రాంగణం చుట్టూ అరుగులు, ఆలయాలు, సమాధులు నిర్మించారు.

1928లో కాసో జపోటెక్ శిలాస్తంభాలపై తన తొలి ముఖ్యగ్రంథాన్ని వెలువరించాడు. ఇందులో రోజుల పేర్లను, సంవత్సరాన్ని సూచించే గుర్తును, అంకెలను వేరుచేసి చూపాడు. గీత 5ను, చుక్క 1ని సూచిస్తాయి. 260 రోజుల పవిత్ర పంచాంగం ఈ లెక్కకు ఆధారం. జపోటెక్ లిపి నేటికీ పూర్తిగా చదవబడలేదు. అయినా దాని అధ్యయనానికి పునాది వేసిన గ్రంథం ఇదే.

ఇచ్చటి శిల్పాలలో మిక్కిలి ప్రాచీనమైనవి, 300కు పైగా ఉన్నవి, "నర్తకులు" అనబడే ఫలకాలు. మెలితిరిగిన అవయవాలతో ఉన్న ఈ నగ్నపురుషులను పూర్వం నాట్యం చేసేవారని భావించారు. మూసిన కన్నులు, తెరచిన నోళ్ళు, ఛేదింపబడిన అవయవాలను బట్టి వీరు వధింపబడిన యుద్ధఖైదీలని 1962లో మైకేల్ కో అనే అమెరికన్ పండితుడు ప్రతిపాదించాడు.

బాణపు మొన ఆకారంలో ఉన్న "జె" కట్టడంపై మరియొక వరుస ఫలకాలు ఉన్నాయి. వీటిలో కొండ గుర్తు, దానిపై ఊరి పేరు, కొన్నింటిలో క్రింద తలక్రిందులుగా ఉన్న శిరస్సు కనిపిస్తాయి. ఇవి జపోటెక్‌లు జయించిన ఊళ్ళ పట్టిక అని కాసో 1947లో వివరించాడు. ఈ వివరణతో తరువాతి పండితులు అందరూ ఏకీభవించలేదు.

ఏడవ సమాధి

కాసో 1931లో త్రవ్వకాలు ప్రారంభించాడు. 1932 జనవరిలో, మొదటి విడత పనులలోనే, ఏడవ సమాధి బయటపడింది. అందులో బంగారం, వెండి, పచ్చరాయి, ముత్యాలతో చేసిన ఆభరణాలు, నీలిరాళ్ళు పొదిగిన మానవ కపాలం, స్ఫటికపు పాత్ర మొదలైన 400కు పైగా వస్తువులు లభించాయి. స్పానిష్ విజేతలు దొరికిన బంగారమంతా కరిగించినందువలన ఇటువంటి నిధి మిక్కిలి అరుదు.

అయితే కాసో దృష్టిని ఎక్కువగా ఆకర్షించినవి బంగారు నగలు కావు, సన్నని చెక్కడాలు గల ఎముకలు. వాటిపై ఉన్న గుర్తులు జపోటెక్ లిపికి చెందక, పొరుగువారైన మిక్స్‌టెక్‌ల చిత్రలిపిని పోలి ఉన్నాయి. జపోటెక్‌లు నిర్మించిన సమాధిని శతాబ్దాల తరువాత మిక్స్‌టెక్‌లు తిరిగి ఉపయోగించారని ఈయన నిర్ణయించాడు. సమాధిలోని ముఖ్యవ్యక్తి పురుషుడని భావించాడు. ఆ ఎముకలలో కొన్ని నేతపనిముట్లని, ఆ వ్యక్తి స్త్రీ కావచ్చునని 1990లలో కొందరు పరిశోధకులు వాదించారు. ఈ సమాధిపై కాసో సమగ్ర గ్రంథం 1969లో వెలువడింది. నిధి వహాకా నగరంలోని మ్యూజియంలో ఉన్నది.

మిక్స్‌టెక్ వ్రాతప్రతులు

జింక చర్మంపై రంగులతో చిత్రించిన మిక్స్‌టెక్ మడత పుస్తకాలలో ఉన్నవి దేవతల కథలా, రాజుల చరిత్రా అన్నది చిరకాలం తేలలేదు. 1580 నాటి తెయోసాకోయాల్కో పటంలో ఆ రాజుల వంశవృక్షాన్ని, ఊళ్ళ స్థానాలను పోల్చి చూసి, అవి రాజవంశ చరిత్రలేనని కాసో 1949లో నిరూపించాడు. ఈయన వేసిన కాలగణనలో లోపాలు ఉన్నాయి. "ఎనిమిది జింక" అనే ప్రసిద్ధ రాజు కాలాన్ని ఎమిలీ రాబిన్ 52 సంవత్సరాలు ముందుకు సవరించింది. వంశచరిత్ర అన్న మూలసిద్ధాంతం మాత్రం నిలిచింది.

పదవులు, విమర్శలు

1939లో స్థాపింపబడిన జాతీయ మానవశాస్త్ర, చరిత్ర సంస్థకు కాసో మొదటి సంచాలకుడు. 1944-45లో జాతీయ విశ్వవిద్యాలయానికి అధిపతిగా ఉన్నాడు. 1948లో ఆదివాసుల సంక్షేమానికి ఏర్పడిన జాతీయ సంస్థకు సంచాలకుడై, మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. దాని ఆధ్వర్యంలో ఆదివాసీ ప్రాంతాలలో పాఠశాలలు, వైద్యశాలలు, రహదారులు ఏర్పడ్డాయి. అయితే ఆదివాసులను జాతీయ జీవనంలో విలీనం చేయాలన్న ఈ విధానం వారి భాషలను, ఆచారాలను బలహీనపరచిందని 1960ల చివర యువ మానవశాస్త్రజ్ఞులు తీవ్రంగా విమర్శించారు. వారి పూర్వుల వ్రాతను లోకానికి చూపిన వ్యక్తిపైనే ఈ విమర్శ రావడం గమనార్హం.

మరణము

కాసో 1970 నవంబరు 30న మెక్సికో నగరంలో మరణించాడు. 1974లో ఈయన అస్థికలను దేశ ప్రముఖుల స్మారకస్థలానికి తరలించారు. మిక్స్‌టెక్ రాజులు, రాజ్యాలపై ఈయన వ్రాసిన బృహద్గ్రంథం మరణానంతరం రెండు సంపుటాలుగా వెలువడింది. మోంటె అల్బాన్‌ను వహాకా నగరంతో కలిపి 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.