టికెట్లు అమ్మి విద్యాలయం నడిపిన కవి

1936 మార్చి నెల. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు 75వ ఏడు నడుస్తోంది. ఆరోగ్యం అంతంతమాత్రం. అయినా శాంతినికేతన్ విద్యార్థుల బృందాన్ని వెంటబెట్టుకుని రైలెక్కారు. కలకత్తాలో కొత్త నృత్యనాటిక ‘చిత్రాంగద’ ప్రదర్శన ముగించి ఉత్తర భారత నగరాల మీదుగా ఢిల్లీ చేరుకున్నారు. పిల్లలు నాట్యం చేస్తుంటే వేదిక మీద ఒక పక్కన ఆయన కూర్చునేవారు. ఆయన్ను చూడటానికే టికెట్ కొన్నవాళ్లు చాలామంది. ఆ డబ్బుతో విశ్వభారతి అప్పులు తీర్చాలన్నది ఆయన ఆలోచన.

నోబెల్ బహుమతి అందుకున్న కవికి ఈ అవసరం ఎందుకొచ్చింది?

కథ 1901 డిసెంబరులో మొదలైంది. తండ్రి దేవేంద్రనాథ్ నెలకొల్పిన శాంతినికేతన్ ఆశ్రమంలో రవీంద్రనాథ్ ఒక చిన్న బడి తెరిచారు. మొదట చేరిన విద్యార్థులు ఐదుగురు. వారిలో ఒకరు ఆయన కొడుకు రథీంద్రనాథ్. తొలి రోజుల్లో ఫీజు లేదు. బడి నడపడానికి భార్య మృణాళినీ దేవి నగలు అమ్మేశారు. పూరీలోని ఇల్లు కూడా అమ్ముడైంది. 1902లో మృణాళిని చనిపోయారు. కష్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చినా బడి మాత్రం ఆగలేదు.

1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సొమ్మును ఆయన పతిసర్‌లోని వ్యవసాయ బ్యాంకులో పెట్టారు. వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కిన తమ జమీందారీ రైతుల కోసం 1905లో ఆయన స్వయంగా పెట్టిన బ్యాంకు అది. రైతుకు తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతుంది, వచ్చే వడ్డీ బడి ఖర్చులకు పనికొస్తుంది అన్నది లెక్క. కొన్నేళ్లు ఆ లెక్క కుదిరింది. చివరికి రైతుల బాకీలు వసూలు కాక బ్యాంకు మూతపడింది. అసలు కూడా తిరిగి రాలేదు.

కళా ప్రదర్శనతో నిధులు సేకరించడం ఆయనకు అంతకుముందే అలవాటైన పని. 1915లో బెంగాల్‌లోని బాంకురా జిల్లాను కరువు కుదిపేసింది. 1916 జనవరిలో కలకత్తా జొరాసాంకోలోని తమ ఇంటి ఆవరణలోనే ‘ఫాల్గుణి’ నాటకం వేసి, టికెట్ల మీద వచ్చిన సొమ్మును కరువు సహాయానికి ఇచ్చారు. చిత్రకారులైన చిన్నాన్న మనవలు గగనేంద్రనాథ్, అవనీంద్రనాథ్ అందులో వేషం కట్టారు. అప్పటికే ప్రపంచ ప్రసిద్ధుడైన రవీంద్రనాథ్ అంధుడైన బౌల్ గాయకుడిగా పాడారు.

కరువు సాయానికి ఒక లెక్క ఉంటుంది. నాటకం వేస్తారు, డబ్బు పోగవుతుంది, బాధితులకు చేరుతుంది. విద్యాలయం సంగతి అలా కాదు. జీతాలు ప్రతి నెలా ఇవ్వాలి, వంటశాల ప్రతి పూటా నడవాలి. 1921 డిసెంబరులో శాంతినికేతన్ విశ్వభారతిగా మారాక ఖర్చు మరింత పెరిగింది. తన బెంగాలీ పుస్తకాల హక్కులను ఆయన ఆ సంస్థకే రాసిచ్చారు. విదేశాల్లో ఉపన్యాసాలిచ్చి డబ్బు తెచ్చారు. అదీ చాలలేదు. 1923లో కలకత్తాలో ‘విసర్జన్’ నాటకం వేసినప్పుడు 62 ఏళ్ల వయసులో యువకుడైన జయసింహుడి పాత్ర తానే ధరించారు.

డబ్బు ఇబ్బందికి తోడు సమాజం విమర్శ కూడా ఉండేది. ఆ కాలంలో పరువుగల ఇళ్ల ఆడపిల్లలు జనం ముందు నాట్యం చేయడం బెంగాల్‌లో ఊహకందని మాట. రవీంద్రనాథ్ 1919లో సిల్హెట్‌లో మణిపురి నాట్యం చూసి, దాన్ని నేర్పే గురువును శాంతినికేతన్‌కు రప్పించారు. 1927 ఆరంభంలో కలకత్తాలో ‘నటీర్ పూజ’ ప్రదర్శించినప్పుడు చిత్రకారుడు నందలాల్ బోస్ కుమార్తె గౌరి ప్రధాన పాత్రలో నాట్యం చేశారు. విమర్శకుల నోళ్లు మూయించడానికి రవీంద్రనాథ్ తన కోసం ఉపాలి అనే భిక్షువు పాత్ర రాసుకుని వేదికెక్కారు. ఆ పెద్దాయన పక్కనుండగా వేలెత్తి చూపడం ఎవరికైనా కష్టమే.

ఆ తర్వాత బృందం దూరాలు వెళ్లింది. 1933 నవంబరులో బొంబాయిలో ‘తాసేర్ దేశ్’, ‘శాపమోచన్’ ప్రదర్శించారు. ఆ పర్యటన ముగించుకుని డిసెంబరులో రవీంద్రనాథ్ వాల్తేరు వచ్చి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవుడి గురించి ఉపన్యాసాలిచ్చారు. అక్కడి నుంచి హైదరాబాదు వెళ్లారు. విశ్వభారతిలో ఇస్లామిక్ అధ్యయనాల కోసం నిజాం అంతకుముందే లక్ష రూపాయలు ఇచ్చి ఉన్నారు. 1934లో బృందం సింహళానికి వెళ్లి ‘శాపమోచన్’ ప్రదర్శించింది. ఆ పర్యటన ప్రభావంతో శాంతినికేతన్‌కు వెళ్లి చదువుకున్న ఎదిరివీర సరచ్చంద్ర, తర్వాత సింహళ నాటకరంగంలో అగ్రగణ్యుడయ్యారు. డబ్బు కోసం వెళ్లిన బృందం అక్కడ కొత్త కళాకారులకు దారి చూపించింది.

ఇప్పుడు మళ్లీ 1936 ఢిల్లీకి. మహాత్మాగాంధీ అప్పుడు అక్కడే ఉన్నారు. ఆ వయసులో కవి జోలె పట్టి ఊరూరా తిరగడం గాంధీని కలచివేసింది. ఎంత కొరత ఉందో తెలుసుకున్నారు. కొద్ది రోజుల్లోనే 60,000 రూపాయల డ్రాఫ్టు రవీంద్రనాథ్ చేతికి అందింది. ఇచ్చిన దాతలు తమ పేర్లు బయటపెట్టలేదు. ఇక మిగతా ప్రదర్శనలు మానుకుని విశ్రాంతి తీసుకోవాలని గాంధీ కోరారు. పర్యటన అక్కడితో ఆగింది.

ఊరూరా తిరిగి టికెట్లమ్మినా తీరని బాకీ ఒక్క కాగితంతో తీరిపోయింది. అయితే ఆ పర్యటనను ఇద్దరూ ఒకే కంటితో చూడలేదు. గాంధీకి అందులో కవి పడుతున్న శ్రమ కనిపించింది. రవీంద్రనాథ్‌కు అది యాచన ఒక్కటే కాదు. పాట, నాట్యం లేని చదువు చదువే కాదని నమ్మిన మనిషి ఆయన. తన బడిలో ఏం నేర్పుతున్నారో దేశానికి చూపించే అవకాశం ఆ వేదిక. డ్రాఫ్టు అందాక అప్పు తీరింది కానీ, ఆ బృందం వెళ్లాల్సిన ఊళ్లలో ‘చిత్రాంగద’ చూసే భాగ్యం జనానికి దక్కలేదు.

అప్పు తీరాక కూడా ఆయన నృత్యనాటికలు ఆపలేదు. అంటరానితనాన్ని ప్రశ్నించే ‘చండాలిక’ 1938లో, ‘శ్యామ’ 1939లో నృత్యనాటికలుగా వచ్చాయి. విశ్వభారతి భవిష్యత్తు గురించిన బెంగ కూడా తీరలేదు. 1940 ఫిబ్రవరిలో గాంధీ శాంతినికేతన్ వచ్చినప్పుడు, తన తర్వాత ఈ సంస్థను కాపాడాలని కోరుతూ ఒక ఉత్తరం చేతికిచ్చారు. మరుసటి ఏడాది ఆగస్టు 7న కన్నుమూశారు. 1951లో పార్లమెంటు చట్టంతో విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఒక మనిషి నాటకాలాడి మోసిన భారం అప్పుడు ప్రభుత్వ బడ్జెట్‌కు మారింది.

ఒక సాయంత్రం ప్రదర్శన కరువు నిధికి చేయూత కాగలదు, ఒక సంస్థను ఏళ్ల తరబడి పోషించలేదు. రవీంద్రనాథ్ జీవితం చెప్పే లెక్క ఇదే. కానీ ఆ టికెట్ల డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. దానికోసం పుట్టి పెరిగిన నృత్యనాటికలు, వేదికెక్కిన ఆడపిల్లలు తెరిచిన దారి మాత్రం నిలిచే ఉన్నాయి.