కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు

తెలుగున వచనము వ్రాసినవారు పెక్కండ్రు కలరు. అందు కథలు చెప్పినవారి పేళ్లు విద్యార్థులకు సుపరిచితములు. చరిత్రమును శాస్త్రమును తేటతెలుగున చెప్పుటకై జీవితము ధారవోసినవారి పేళ్లు అంతగా తెలియవు. అట్టివారిలో అగ్రగణ్యులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. మన దూలపల్లి విద్యార్థులు వ్రాయు వ్యాసములను చూచినప్పుడెల్ల వీరు మాకు జ్ఞప్తికి వచ్చుచుందురు. ఏ విషయమును గూర్చి వ్రాయుమన్నను, అందు ఒక చెట్టును నాటి, ఆ చెట్టునకు ఆవును గట్టి, పిదప ఆవును గూర్చియే వ్రాసిన బాలుని కథ అందఱు నెఱిగినదే. అట్టి బాలుడు ప్రతి తరగతిలోను ఒకడు కలడు, పెద్దలలోను లేకపోలేదు. వాడుకలో పేరా యనుచున్న పరిచ్ఛేదమున ఒక్క విషయమునే నిలిపి, వాక్యమునకును వాక్యమునకును నడుమ సంబంధము తెగకుండ వ్రాయుట తెలుగువారికి ఎట్లలవడినదో ఈ పంతులుగారి చరిత్రము వలన కొంత తెలియగలదు. కావున దానిని ఇచ్చట సంగ్రహముగ చెప్పుచున్నాము.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. పసితనముననే తండ్రి గతించెను. చిన్ననాటి చదువు కొంత భువనగిరిలో జరిగినది. అటుపిమ్మట అక్కగారైన అచ్చమాంబగారితో మధ్యపరగణాలకు పోయి, నాగపురమున ఉన్నతవిద్య నభ్యసించిరి. బావగారైన భండారు మాధవరావుగారు ఆ ప్రాంతమున ఇంజనీరుగ నుండిరి. ఆ యక్కగారు సామాన్యురాలు కారు. ఆడపిల్లలకు చదువు చెప్పింపని కాలమున తమ్ముని చదువును ఆసరాగ జేసికొని అక్షరములు నేర్చి, అనతికాలముననే గ్రంథకర్త్రియై, అబలా సచ్చరిత్ర రత్నమాల యను స్త్రీల చరిత్రసంపుటమును రచించిరి. 1905లో, ముప్పదియేండ్ల ప్రాయమున, ఆమె పరమపదించిరి. లక్ష్మణరావుగారు తమ కుమార్తెకు అక్కపేరే పెట్టుకొనిరి. ఆ బిడ్డ పిదప ప్రసిద్ధ వైద్యురాలై, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను.

నాగపురవాసము లక్ష్మణరావుగారికి మఱియొక మేలు చేసినది. అచ్చట వారికి మహారాష్ట్రభాష స్వభాషవలె అలవడినది. ఆ భాషలో చరిత్రపరిశోధనము, శాస్త్రగ్రంథరచన, పత్రికావ్యాసము ఎంతగ పెంపొందినవో వారు కన్నులార చూచిరి. తామును ఆ భాషలో వ్యాసములు వ్రాసిరి. పొరుగింట దీపము వెలుగుచుండ మన యింట చీకటి యేల యను చింత వారికి అచ్చటనే కలిగి యుండునని మా యభిప్రాయము. తెలుగున వారు తొలుత వ్రాసిన గ్రంథములలో శివాజీ చరిత్రము ఒకటి యగుట ఇందుకు సాక్ష్యము.

ఎం.ఏ. పరీక్షయందు కృతార్థులైన వీరిని మునగాల జమీందారులగు రాజా నాయని వేంకటరంగారావుగారు దివానుగ నియమించిరి. మునగాల పరగణా అప్పుడు చెన్నపురి రాజధానిలో చేరిన కృష్ణాజిల్లాలోనిదే యైనను, చుట్టును నిజాము రాజ్యమే యుండెను; నేడది సూర్యాపేట జిల్లాలోనిది. అందువలన అచ్చటి దివానునకు ఒక కాలు ఇంగ్లీషువారి సీమలోను, ఒక కాలు హైదరాబాదు సీమలోను ఉన్నట్లే. హైదరాబాదు రాజ్యమున తెలుగు మాటలాడువారు కోటికి పైబడి యుండరేమో గాని, ఇతర భాషలవారికంటె ఎక్కువమందియే యుండిరి. ఐనను రాజభాష ఉర్దూ, కచేరీలలో ఉర్దూ, పై తరగతుల చదువును తెలుగున లేదు. తెలుగు చదువ నేర్చిన బాలునకు చదువుటకు పురాణమో శతకమో దొరకును గాని, భూమి ఎట్లు తిరుగుచున్నదో, తన యూరి నేలిన రాజు లెవ్వరో చెప్పు తెలుగు పుస్తకము దొరకదు. అట్టి స్థితిలో 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజాగారు మొదలగు పెద్దలతో గలసి దానిని స్థాపించినవారిలో లక్ష్మణరావుగారు ప్రముఖులు. ఆ గ్రంథాలయము నేటికిని సుల్తాను బజారున ఉన్నది. మన విద్యార్థులు నగరమునకు పోయినప్పుడు దానిని దర్శింపవచ్చును.

గ్రంథాలయమైతే ఏర్పడినది గాని, అందు ఉంచుటకు తగిన గ్రంథము లేవి? ఈ ప్రశ్నకు సమాధానముగ 1906లో హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టినది. మండలి తొలి గ్రంథము 1907లో వెలువడిన అబ్రహాము లింకను చరిత్రము. కర్త గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. 1908లో మండలి చెన్నపురికి తరలినది. అటుపిమ్మట చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రము మున్నగునవి ప్రచురింపబడెను. లక్ష్మణరావుగారు వీనికి సంపాదకులుగ నుండుటయే గాక, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను చరిత్రగ్రంథములను స్వయముగ రచించిరి.

ఇచ్చట కొంత ఆగి, వీరు చేపట్టిన పని యెంత కొత్తదో చెప్పవలసియున్నది. తాటాకుమీద గంటముతో వ్రాసిన కాలమున పదమునకును పదమునకును నడుమ ఎడము లేదు. పరిచ్ఛేదము మార్చి క్రొత్త పంక్తి మొదలిడుటయు సామాన్యముగ లేదు. ఆకు నిండువఱకు వ్రాత సాగుచుండును. వచనము పద్యముల నడుమ నిలిచి, పద్యమువలెనే దీర్ఘసమాసములతో నడచుచుండెను. అచ్చుయంత్రము వచ్చిన పిదప ఎడములును పరిచ్ఛేదములును కంటికి కనబడసాగినవి. 1853లో పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక వెలువడి గ్రాంథిక వచనమునకు ఒరవడి యయ్యెను. పిదప కందుకూరి వీరేశలింగముగారు వచనమును క్రమక్రమముగ సులభము గావించిరి.

ఐనను కథావచనము వేఱు, శాస్త్రవచనము వేఱు. కథలో కాలమే సూత్రము. కాకి వచ్చినది, ఎలుక కనబడినది, వల తెగినది అని చెప్పుకొనిపోవుచుండ వాక్యములు తమంతట తామే ఒకదానివెంట ఒకటి నడచును. శాస్త్రమున అట్టి సూత్రము లేదు. కారణమునుండి కార్యమునకు, సామాన్యమునుండి విశేషమునకు, తెలిసినదానినుండి తెలియనిదానికి పాఠకుని చేయిపట్టి నడపు సూత్రమును రచయితయే పేనవలెను. అంతియ కాదు, మన భాషకు సహజమైన ఒక సౌకర్యము ఇందు అపాయమగును. పోయి, చూచి, తెలిసికొని, విచారించి అని అసమాపక క్రియలను గ్రుచ్చుచు పోయినచో పుటయంతయు ఒక్క వాక్యమే యగును. వాక్యము ముగియనంత కాలము వ్రాయువానికి సంబంధము కుదిరినట్లే తోచును. చదువువానికి మాత్రము ఏది ముఖ్యమో, ఏది దాని యనుబంధమో తెలియదు. లక్ష్మణరావుగారి చరిత్రరచనలలో వాక్యము తగినచోట ముగియును. కావున, అయినను, ఏలయన, అటుపిమ్మట వంటి చిన్నమాటలు తరువాతి వాక్యమును దానికి ముడివేయును. వారి శైలి గ్రాంథికమే గాని కొఱుకరాని కొయ్య గాదు.

ఒక దృష్టాంతము చెప్పెదము. ఇది మేము కల్పించుకొన్నది; వారి గ్రంథములోనిది గాదు. మన సీమలోని చెఱువును గూర్చి ఒక పరిచ్ఛేదము వ్రాయవలెననుకొందము. వాననీరు వాగులవెంట పల్లమునకు పాఱును. అచ్చట కట్ట దానిని నిలుపును. నిలిచిన నీరు తూముగుండ కాలువకు దిగును. కాలువ ఆయకట్టు పొలములను తడుపును. మితిమీఱిన నీరు కట్టను తెంపకుండ అలుగుమీదుగ దిగువ చెఱువునకు పోవును. ఈ వాక్యములన్నియు నీరు పోవు త్రోవనే పోవుచున్నవి. కావున చదువరి త్రోవ తప్పడు. నడుమ, ఈ చెఱువు త్రవ్వించిన రాజుగారు గొప్ప దాత యని ఒక వాక్యము చేర్చితిమా, అది సత్యమే యైనను కట్టకు గండి పడినట్లే. రాజుగారి దాతృత్వమునకు మఱియొక పరిచ్ఛేదము కలదు. అచ్చట దానికి గౌరవము. సంబంధములేని వాక్యము అసత్యమైనచో తీసివేయుట సులభము. సత్యమై, సొంపుగ నున్నప్పుడు తీసివేయుటకే మనసు రాదు.

విజ్ఞానచంద్రికా గ్రంథములతో తృప్తినొందక, లక్ష్మణరావుగారు ఆంగ్లమునందలి విజ్ఞానసర్వస్వములవంటిది తెలుగున నిర్మింప సంకల్పించిరి. అదియే ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. అకారాది క్రమమున కూర్చు గ్రంథమున అగ్నిపర్వతము ప్రక్కనే అగ్నిపురాణము కూర్చుండును. ప్రక్క వ్యాసము తోడ్పడదు. ముందుపుటలో చెప్పితిమనుటకు వీలులేదు. ప్రతి వ్యాసమును తనకాళ్లమీద తాను నిలువవలెను. నిర్వచనము ముందు, విభాగము తరువాత, విభాగమున కొక పరిచ్ఛేదము, అందు ఆ విభాగమునకు చెందినదే. ఇట్టి గ్రంథమునకు ఒకరు వైద్యులు, ఒకరు న్యాయవాదులు, ఒకరు సంస్కృతపండితులు వ్యాసములు పంపుదురు. ఒకరిది తర్కము, ఒకరిది వర్ణన. వానినన్నిటిని ఒక్క త్రాటిపై నడపవలసినవాడు సంపాదకుడు. కష్టము ఊహింపదగినదే.

పరిభాష మఱియొక చిక్కు. పాశ్చాత్యశాస్త్రములలోని పేళ్లకు తెలుగున మాటలు లేవు, కూర్చుకొనవలెను. కూర్చినపిదప ఒక వస్తువునకు ఒక్క పేరే తుదివఱకు వాడవలెను. ఇది మన పండితులకు మింగుడుపడని నియమము. సూర్యుని ఒక పాదమున భానుడనియు, మఱియొక పాదమున రవియనియు, వేఱొకచోట పద్మబాంధవుడనియు చెప్పుట కవిత్వమున అలంకారము. అమరకోశము వల్లించుట అందులకే గదా. రసాయనశాస్త్రమున ఒక వాయువునకు మూడు పేళ్లు పెట్టినచో విద్యార్థి మూడు వాయువులు కలవనుకొనును. పేరు మాఱినచోటనే వాక్యసంబంధము తెగును. ఒకేమాటను మాటిమాటికి వాడుట దరిద్రమని తలచు మన విద్యార్థులు ఈ సంగతి గమనింపవలెను.

విజ్ఞానసర్వస్వము మూడు సంపుటములు వెలువడినవి. మూడవది ఆంధ్రదేశ విషయములకు ప్రత్యేకింపబడినది. అచ్చులలో మొదటి మెట్లు దాటకమునుపే పని నిలిచిపోయినది. ధనాభావ మొక కారణము. మఱియొకటి మాకు తోచినది చెప్పుచున్నాము. పెద్దలు అన్యథా భావింపకుందురుగాక. ప్రతి వ్యాసమును ఎల్లలలో నుంచిన పంతులుగారు గ్రంథమును ఎల్లలలో నుంచలేకపోయిరి. అకారమునకే అంత విరివి యిచ్చినచో హకారము చేరుటకు ఒక పురుషాయుషము చాలునా? తాము తృప్తినొందనిదే ఏ వ్యాసమును విడువని స్వభావము వారిది. వేగపడియుండినచో గ్రంథము ముగిసియుండెడిదేమో గాని, అట్లు ముగిసిన గ్రంథమును నేడు తెఱచి చూచువారుందురా యన్నది సందేహము. ఈ రెంటిలో ఏది మేలో నిర్ణయించుట మావలన గాదు.

చెన్నపురిలో ఎగ్మూరునందు వారి గృహము తెలుగు పండితులకు సత్రమువంటిది. వీరేశలింగముగారు 1919వ సంవత్సరము మే 27వ తేదీన ఆ గృహముననే కన్నుమూసిరి. నాలుగేండ్లకు, 1923వ సంవత్సరము జూలై 12వ తేదీన, లక్ష్మణరావుగారును అచ్చటనే దివంగతులైరి. అప్పటికి వారికి నలువదియాఱేండ్లు. బల్లమీది పని బల్లమీదనే యుండెను.

పదేండ్లు గడచిన తరువాత, 1930ల దశకమున, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ సంపుటములను సంస్కరింపజేసి మరల ముద్రింప బూనుకొనిరి. 1938లో వారును గతించిరి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట, సంగ్రహాంధ్ర విజ్ఞానకోశము హైదరాబాదుననే ఆరంభింపబడి, 1958 మొదలు సంపుటములుగ వెలువడినది. లక్ష్మణరావుగారు భాషానిలయమును తెఱచిననాడు పై తరగతులలో తెలుగునకు తావులేని నగర మదియే.